రోగి పరిచర్యకు శిక్షణ: చేరుటకు ముందు విచారింపవలసిన విషయములు

బిలాస్‌పూర్ రైలు కూడలికి చేరువగా సిర్గిట్టి యున్నది. ఒకప్పుడది గ్రామము, పిమ్మట కర్మాగారముల పేట, తరువాత నగర పంచాయతీ, 2019లో బిలాస్‌పూర్ నగరపాలక సంస్థలో కలిసిపోయినది. ఈ ప్రాంతమునకు తెలుగువారిని తీసికొనివచ్చినది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ బిలాస్‌పూరును ముఖ్యమైన కూడలిగా చేసినది. ఆ సంస్థయే 1931లో పార్వతీపురము నుండి రాయపూరు వరకు మార్గము పూర్తి చేసి, ఉత్తరాంధ్ర పల్లెలను ఛత్తీస్‌గఢ్ మైదానముతో ముడివేసినది. రైలు కొలువునకు వచ్చి ఖలాసీలుగను, గ్యాంగు కూలీలుగను కుదురుకొన్న వారి మనుమరాండ్రు నేడు ఇంట తెలుగు, బడిలో హిందీ, అంగడిలో ఛత్తీస్‌గఢీ మాటలాడుచున్నారు.

వీరిలో పదవ తరగతియో, పండ్రెండవ తరగతియో ముగించిన బాలికలకు నర్సు ఉద్యోగముపై మక్కువ కలుగుట సహజము. రైల్వే వారి కేంద్ర ఆసుపత్రి బిలాస్‌పూరుననే యున్నది. 2001లో నెలకొల్పబడిన ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ, సిమ్స్ అని అందరు పిలుచునది, అదియు నగరముననే యున్నది. ప్రైవేటు నర్సింగు హోములకు కొదువ లేదు. పని దొరకునను ఆశ అసంగతము కాదు. చిక్కంతయు శిక్షణను ఎన్నుకొనుటలో నున్నది. ‘నర్సింగు శిక్షణ’ అను రెండు మాటలు ఏ పలకపైనను వ్రాయవచ్చును. ఆ మాటల వెనుక నాలుగైదు వేర్వేరు చదువులు, వేర్వేరు హక్కులు దాగియున్నవి.

ఒక తండ్రి కుమార్తెను వెంటబెట్టుకొని అట్టి శిక్షణ కార్యాలయమునకు పోయెననుకొందము. ఆరు నెలలలో చదువు ముగియుననియు, వెంటనే ఆసుపత్రిలో పని దొరకుననియు అచటి గుమాస్తా చెప్పును. సాధారణముగా తండ్రి అడుగు మొదటి ప్రశ్న రుసుము ఎంత యనునది. అది రెండవ ప్రశ్న కావలెను. “అయ్యా, మీరిచ్చు పత్రముతో మా అమ్మాయి పేరు రాష్ట్ర నర్సుల నమోదు మండలిలో ఎక్కునా?” అనునది మొదటి ప్రశ్న. ఎక్కదని గుమాస్తా స్పష్టముగా చెప్పినచో ఆ సంస్థ నిజాయితీ గలదియే. ఆ చదువు సహాయకురాలి చదువని తెలిసికొని, కావలెనో వద్దో ఇంటికి వచ్చి నిర్ణయించుకొనవచ్చును. ఎక్కునని చెప్పినచో ఆ మాటను వ్రాతమూలకముగ కోరవలెను. మాట దాటవేసినచో లేచి వచ్చుట మేలు.

ఒకే పేరు, వేర్వేరు పనులు

అన్నిటికంటె చిన్న శిక్షణ ‘జనరల్ డ్యూటీ అసిస్టెంటు’ అను పేర నడచునది. నర్సు సహాయకురాలనిన నిజముగా ఈమెయే. ఇది నైపుణ్య శిక్షణ పథకముల క్రిందకు వచ్చును. కొన్ని నెలలలో ముగియును. సాధారణముగా పదవ తరగతి చదివి, 18 సంవత్సరములు నిండినవారిని చేర్చుకొందురు. రెండవది ఏ.ఎన్.ఎం., అనగా సహాయక నర్సు, మంత్రసాని శిక్షణ, రెండు సంవత్సరములు. మూడవది జి.ఎన్.ఎం.; మూడు సంవత్సరములు. నాలుగవది నాలుగు సంవత్సరముల బి.యస్‌సి. నర్సింగు పట్టము. వీనిలో మొదటిది తప్ప తక్కినవి నమోదు మండలి గుర్తింపునకు లోబడినవి. మొదటిదానిలో ఉత్తీర్ణురాలైన యువతి నర్సు కాజాలదు.

ఈ మాట ఆ పనిని చులకన చేయుటకు చెప్పునది కాదు. మంచమున పడియున్న రోగికి ఆ సహాయకురాలే ప్రాణాధారము. పండ్లు తోమించుట, ఒడలు తుడుచుట, దుప్పటి మార్చుట, అన్నము తినిపించుట, త్రాగిన నీరును విసర్జించిన మూత్రమును కొలిచి వ్రాయుట, ఉష్ణమును నాడిని గుర్తించుట, కదలలేని వానిని రెండేసి గంటలకొకమారు ప్రక్కకు తిప్పుట ఆమె పనులు. ఈ చివరి పని జరుగనిచో వీపున, పిరుదులపైన పుండ్లు పడును. శస్త్రచికిత్స ఎంత చక్కగా జరిగినను రోగి ఆ పుండ్ల వలన క్షీణించిపోవుట కలదు. ఇంటిలో వృద్ధులను కనిపెట్టి చూచుకొన్న అనుభవము గలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఆమె పనికి ఒక గట్టి సరిహద్దు కలదు. సూదిమందు ఇచ్చుట, సెలైను ఎక్కించుట, మందు మోతాదు నిర్ణయించుట ఆమెవి కావు. చిన్న ఆసుపత్రులలో రాత్రివేళ నమోదైన నర్సు ఒక్కతెయే యుండి, పని ఒత్తిడిలో “నీవే ఆ సూది వేసి రమ్మా” అని సహాయకురాలిని పంపు సందర్భములు రావచ్చును. చేయి తిరిగిన పిల్లకు అది పెద్ద పనిగా తోపదు. కాని ఒక సీసాకు బదులు మరియొక సీసా చేతికి వచ్చిననాడు నష్టపోవువాడు రోగి. బోనులో నిలుచునది ఆ పిల్ల. నమోదు లేని ఆమెకు తన పత్రము ఆధారముగ చెప్పుకొనుటకు ఏమియు ఉండదు. కావున, ఏ పని చేయుటకు తనకు హక్కు లేదో ఆ జాబితాను శిక్షణలో నేర్పని సంస్థ తక్కినవి ఎంత నేర్పినను కొరగానిదే.

రైల్వే కుటుంబములకు దగ్గరి ఉదాహరణ మొకటి కలదు. రైల్వే ఆసుపత్రులలో నర్సింగు సూపరింటెండెంటు పదవులకు 2024లో వెలువడిన ప్రకటనలో జి.ఎన్.ఎం. గాని బి.యస్‌సి. నర్సింగు గాని చదివి, నమోదు పొందినవారినే కోరిరి. మొదటి జీతము నెలకు 44,900 రూపాయలని చూపిరి. అదే రైల్వేలో ఆసుపత్రి సహాయకుల పదవులు తొలి జీతపు వరుసలో చేరినవి. వాని మూల జీతము ఏడవ వేతన సంఘపు లెక్క ప్రకారము 18,000 రూపాయలు. ఒకే వార్డులో ఒకే రోగి మంచమునకు ఇరుప్రక్కల నిలుచు ఇద్దరి మధ్య నున్న అంతరమిది. ఈ అంతరము ఏర్పడునది పదవ తరగతి తరువాత రెండు సంవత్సరములు బడిలో నిలుచుట వలననే యని తల్లిదండ్రులు గ్రహింపవలెను. పదవ తరగతి కాగానే ‘నర్సింగు’ అని వినబడిన చోట చేర్చిన బాలికకు పై మెట్టునకు పోవు దారి అచటనే మూతపడును.

ప్రవేశార్హతలు

పెద్దల జ్ఞాపకము ఇచట కొంత మోసము చేయును. “మా కాలమున పదవ తరగతితోనే నర్సమ్మ అయినది గదా” అని అమ్మమ్మలు చెప్పుదురు. ఆ మాట అబద్ధము కాదు. భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికలో దేశమునకు పెద్ద సంఖ్యలో నర్సులు కావలెనని చెప్పిన పిమ్మట, 1951లో పంజాబులోని తరన్ తారన్ యందలి సెయింట్ మేరీ ఆసుపత్రిలో మొట్టమొదటి ఏ.ఎన్.ఎం. శిక్షణ ఆరంభమైనది. గ్రామములకు త్వరగా మనుష్యులను పంపవలెనను ఆతురతతో నాడు ప్రవేశార్హతను తక్కువగా నుంచిరి. పిదప 1977లో పాఠ్యక్రమము మారినది. చాలకాలము పదవ తరగతి అర్హతగా నడచినది. ఇప్పుడు పండ్రెండవ తరగతి లేనిదే ఏ.ఎన్.ఎం.లో ప్రవేశము లేదు.

నేటి నియమముల ప్రకారము ఏ.ఎన్.ఎం.లో చేరగోరు బాలికకు ప్రవేశ సంవత్సరపు డిసెంబరు 31వ తేదీ నాటికి 17 సంవత్సరములు నిండియుండవలెను, 35 దాటరాదు. పండ్రెండవ తరగతిలో కళాశాఖ అయినను, విజ్ఞానశాఖ అయినను చెల్లును గాని ఆంగ్లము ఒక పాఠ్యాంశముగా నుండితీరవలెను. జి.ఎన్.ఎం.కు మొత్తముమీద 40 శాతమును, ఆంగ్లములో వేరుగా 40 శాతమును మార్కులు కావలెను. బి.యస్‌సి.కి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు తప్పనిసరి. వానిలో 45 శాతము రావలెను. విజ్ఞానశాఖలో చేరవలెనా, కళాశాఖలో చేరవలెనా యను ప్రశ్న పదకొండవ తరగతి మొదటి దినమున వచ్చునది. నర్సు కావలెనను కోరిక గల బాలికకు ఆ దినమే సగము నిర్ణయము జరిగిపోవుచున్నది. జీవశాస్త్రము కష్టమని విడిచిపెట్టినను జి.ఎన్.ఎం. ద్వారము తెరచియే యుండును, బి.యస్‌సి. ద్వారము మాత్రము మూసికొనును.

బడి మధ్యలో ఆగిపోయిన వారు నిరాశపడనక్కరలేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ నుండి పండ్రెండవ తరగతి ఉత్తీర్ణులైన వారిని జి.ఎన్.ఎం.కు అర్హులుగా గుర్తింతురు. నమోదు పొందిన ఏ.ఎన్.ఎం.లు జి.ఎన్.ఎం.లో చేరవచ్చును, అటుపిమ్మట జి.ఎన్.ఎం.లు రెండు సంవత్సరముల పోస్టు బేసిక్ బి.యస్‌సి. చదువవచ్చును. అనగా ఏ.ఎన్.ఎం. మొదలుకొని పై వరకు నిచ్చెనకు మెట్లు కలవు. సహాయకురాలి చిన్న శిక్షణ నుండి మాత్రము ఆ నిచ్చెనకు మెట్టు లేదు. పండ్రెండవ తరగతి చదివి, మరల మొదటి నుండి ఎక్కవలసినదే.

అట్లయిన చిన్న శిక్షణ ఎవరికి ఉపయోగము? ఇంటి బాధ్యత మీదపడి వెంటనే జీతము కావలసిన స్త్రీకి, 35 సంవత్సరములు దాటిన స్త్రీకి, పై చదువు వద్దని తెలిసి నిర్ణయించుకొన్న వారికి అది తగినది. కోవిడ్ కాలములో, 2021 జూను 18వ తేదీన, రోగి సేవకు సంబంధించిన ఆరు విధముల పనులలో లక్షమందికి త్వరిత శిక్షణ నిచ్చుటకు కేంద్ర ప్రభుత్వము ఒక పథకమును ఆరంభించినది. ఆపత్కాలములో ఇట్టి చేతులు ఎంత అవసరమో నాడు దేశమంతయు చూచినది. అమెరికా దేశములోను నర్సు సహాయకులకు 1987 నాటి చట్టము కనీసము 75 గంటల శిక్షణను విధించినది. అందులో 16 గంటలు పర్యవేక్షణలో చేతితో చేసి నేర్చుకొనవలెను. అచటను శిక్షణ ముగిసి, పరీక్ష నెగ్గి, రాష్ట్రపు పట్టికలో పేరు ఎక్కిన వారినే వృద్ధాశ్రమములలో సహాయకులుగా నిలుపుకొందురు. వారిని నర్సులని ఎవ్వరును పిలువరు.

పత్రముల సంగతి

సిర్గిట్టి తెలుగు కుటుంబములకు అసలు కష్టము మార్కులలో కాక కాగితములలో ఎదురగుచుండును. ముందుగా మూలనివాస పత్రము. రాష్ట్ర ప్రభుత్వపు సీట్లకు ఇది ముఖ్యము. తహసీలు కార్యాలయము ద్వారా గాని లోకసేవా కేంద్రము ద్వారా గాని దరఖాస్తు పెట్టుకొనవలెను. ఇది పెక్కు కుటుంబములకు దొరకునదే. ఆలస్యము చేయుటయే చేటు.

కుల ధ్రువపత్రము ఇంతకంటె చిక్కైనది. ఆంధ్రలో తాతగారికి ఇచ్చిన పత్రము ఛత్తీస్‌గఢ్‌లో చెల్లుననుకొని, ప్రవేశము నాటి ఉదయము దానిని చూపి భంగపడువారు కలరు. ఈ విషయమై సుప్రీం కోర్టు 1990లోనే తీర్పు చెప్పినది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బాల్యమున బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అను విద్యార్థి, ఆంధ్రలో తమది షెడ్యూల్డు తెగ గనుక బొంబాయి వైద్య కళాశాలలో ఆ రిజర్వేషను కావలెనని కోరెను. ఒక రాష్ట్రపు జాబితాలోని గుర్తింపు మరియొక రాష్ట్రమునకు వలసపోయిన వారి వెంట రాదని న్యాయస్థానము నిర్ణయించినది. 2018లో రాజ్యాంగ ధర్మాసనము ఈ సూత్రమును మరల స్థిరపరచినది.

ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువపత్రము కోరువారు రెండు సంగతులు చూచుకొనవలెను. తమ కులము ఆ రాష్ట్రపు జాబితాలో ఉన్నదా యనునది మొదటిది. తమ పూర్వులు నిర్ణీత తేదీ నాటికి ఈ ప్రాంతమున నివసించుచుండిరా యనునది రెండవది. షెడ్యూల్డు కులములకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, ఇతర వెనుకబడిన తరగతులకు 1984 డిసెంబరు 26 ఆ తేదీలు. ఇచట రైలు కొలువు ఒక విధముగా అక్కరకు వచ్చును. తాత 1950కి ముందే బిలాస్‌పూరులో పనిచేసియుండినచో ఆయన సర్వీసు పుస్తకము, క్వార్టరు కేటాయింపు కాగితము, పింఛను ఉత్తర్వు మొదలగునవి నివాసమునకు ఆధారములు కాగలవు. పాత ట్రంకుపెట్టె అడుగున పడియున్న ఆ కాగితములు పారవేయదగినవి కావు. ఈ రెండు సంగతులలో ఏది తేలకున్నను బాలిక సాధారణ కోటాలో పోటీ పడవలసినదేయని ముందుగనే తెలిసికొని, మార్కులపై శ్రద్ధ పెట్టుట మంచిది.

పేరు విషయము చిన్నదిగా కనిపించును గాని అందుచే నష్టపడువారు తక్కువ కాదు. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు. హిందీ బడిలో దానిని చివరకు చేర్చుదురు. ఆధారు కార్డులో ఒక్క అక్షరముతో సరిపెట్టుదురు. మూడు కాగితములలో ముగ్గురు బాలికలు కనబడుదురు. పదవ తరగతి మార్కుల పత్రములో పేరు, పుట్టిన తేదీ ఎట్లున్నవో అట్లే తక్కిన వానిని దిద్దించుకొనవలెను. రేపు నమోదు మండలి పుస్తకమున ఎక్కవలసిన పేరు కూడ అదియే.

“ఇన్ని చిక్కులెందుకు, స్వస్థలమునకు పంపుదుము” అని కొందరు ఆలోచింతురు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో స్త్రీల బహుళార్థ ఆరోగ్య కార్యకర్త శాఖ యున్నది. రెండు సంవత్సరముల చదువు మీద ఒక సంవత్సరము ఆసుపత్రి శిక్షణ పొందవలెను. పదవ తరగతి ముగించిన బాలికకు ఇది మంచి మార్గమే. కాని 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి, ఆ ప్రాంతమున వరుసగా కొన్ని సంవత్సరములు చదివిన వారినే విద్యాసంస్థల ప్రవేశములలో స్థానికులుగా గణింతురు. సిర్గిట్టిలో చదివిన పిల్ల తాతగారి ఊరిలో స్థానికురాలు కాదు. పైగా తెలుగు మాటలాడుట వచ్చియు చదువుట, వ్రాయుట రాని పిల్లలు ఇచట పెక్కుమంది. చదువు అచట ముగించి పని ఇచట చేయదలచినచో ఒక మండలిలోని నమోదును మరియొక రాష్ట్రపు మండలికి మార్పించుకొనవలసి యుండును. అచట మేనమామ ఇంట నుండు వసతి ఉన్నంతమాత్రమున ఈ లెక్కలు మారవు.

పాఠశాలను పరీక్షించుట

బాలికను పాఠశాల పరీక్షించును. బాలిక తరపువారు పాఠశాలను పరీక్షింపవలెను. ఛత్తీస్‌గఢ్ నర్సుల నమోదు మండలి రాయపూరున నున్నది. ఆ మండలి గుర్తించిన సంస్థల జాబితాలో పేరు, ఊరు, చదువు, ఆ సంవత్సరపు సీట్ల సంఖ్య, ఈ నాలుగును సరిపోవలెను. ఏ.ఎన్.ఎం.కు గుర్తింపు గల సంస్థ జి.ఎన్.ఎం.కు లేకయే విద్యార్థులను చేర్చుకొను ప్రమాదము కలదు. నిరుటి గుర్తింపును ఈ యేటి గుర్తింపుగా చూపు ప్రమాదమును కలదు. ఈ వృత్తికి సంబంధించిన చట్టము కూడ మారుచున్నది. 1947 నాటి భారత నర్సింగు మండలి చట్టమునకు బదులుగ 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, ప్రసూతి పరిచర్యా కమిషను చట్టమును ఆమోదించినది. కావున పాత కాగితములను నమ్మక చేరు సంవత్సరపు ఉత్తర్వునే చూడవలెను.

జాబితా చూచుటతో పని ముగియదు. పొరుగున మధ్యప్రదేశ్‌లో ఏమి జరిగినదో అందరును చూచిరి. ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆదేశముపై సి.బి.ఐ. వారు 300కు పైగా నర్సింగు కళాశాలలను తనిఖీ చేయగా, 60కి పైగా కళాశాలలు తగనివని 2024 నాటికి తేలినది. గుర్తింపు పత్రము గోడకు వ్రేలాడుచుండగనే ఆసుపత్రి లేని కళాశాలలు నడచినవి. మధ్యలో చిక్కినది విద్యార్థినులు. వారి పరీక్షలు సంవత్సరముల తరబడి వెనుకపడినవి. తల్లిదండ్రులు తెచ్చిన అప్పు మాత్రము వెనుకపడలేదు.

అందుచే ఒక ఉదయము శ్రమపడి ఆ పాఠశాల విద్యార్థినులు పనిచేయు ఆసుపత్రికి పోయి చూడవలెను. అచట నిజముగా రోగులున్నారా? ఒక్కొక్క విద్యార్థినికి ముగ్గురేసి రోగులుండవలెనని నర్సింగు మండలి నియమము. ఇరువది మంచముల నర్సింగు హోములో నలుబదిమంది విద్యార్థినులు నిలుచున్నచో వారు నేర్చునది గోడకు ఆనుకొనుట మాత్రమే. కాన్పుల గది యున్నదా? నెలలో ఎన్ని కాన్పులగును? రెండవ సంవత్సరపు బాలిక యొకతె కనబడినచో, “అమ్మా, నీవు ఇప్పటికి ఎన్ని కాన్పులు దగ్గరనుండి చూచితివి?” అని అడుగవచ్చును. ఆమె ఇచ్చు జవాబు సచిత్ర ప్రకటన పత్రములన్నిటికంటె విలువైనది. రుసుము ఎంతైనను రసీదు తీసికొనవలెను. అసలు మార్కుల పత్రములను ఇచ్చినచో వానికి కూడ రసీదు తీసికొనవలెను.

చివరగా ఆరోగ్యము. ప్రవేశమునకు వైద్య పరీక్ష కలదు. రక్తము, సూదులు, గాయముల నడుమ పనిచేయు వారికి హెపటైటిస్ బి టీకా అత్యవసరము. ఇది మూడు మోతాదులు. మొదటి దాని తరువాత ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. చేరిన పిమ్మట చూచుకొందమనుకొన్నచో టీకా పూర్తికాక మునుపే వార్డులో అడుగుపెట్టవలసి వచ్చును. పండ్రెండవ తరగతి చదువుచున్న సంవత్సరము డిసెంబరులో మొదటి మోతాదు వేయించుకొన్న బాలికకు, పరీక్షాఫలితములు తెలిసి ప్రవేశముల సందడి మొదలగు జూను నెలలో మూడవది పూర్తియగును. మూలనివాస పత్రమునకు దరఖాస్తు పెట్టుటకును, తాతగారి సర్వీసు పుస్తకము వెదకుటకును ఆ డిసెంబరు మాసమే సరియైన కాలము.